పడుకుంటే వినపడే చెవులు

చెవులు పరీక్షించే ఉద్యోగంలో ఒక చిక్కు ఉంది. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. గుండె లయ తప్పితే కాగితం మీద గీత పడుతుంది. వినికిడి అలా కాదు. చప్పుడు రాని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, సన్నవీ లావువీ కూతలు ఒకటొకటిగా పంపిస్తాం. వినపడితే ఆ మనిషి వేలెత్తాలి. ఎత్తితే వినపడినట్టు, ఎత్తకపోతే వినపడనట్టు. ఇప్పుడు వేలెత్తకుండానే కనిపెట్టే యంత్రాలు వచ్చాయి కానీ, నేను పనిచేసిన రోజుల్లో మా ఆసుపత్రిలో అవి లేవు. ఎదుటి మనిషి మాట నమ్మడమే మా పనిలో సగం.

ఇప్పుడీ ఉద్యోగంలోకి వస్తున్న అమ్మాయిలు, అబ్బాయిలు కనిపించినప్పుడు, మీకు బాగా గుర్తుండిపోయిన కేసేదండీ అని అడుగుతుంటారు. నాకు కేసు కన్నా ఇద్దరు ఆడవాళ్ళు గుర్తొస్తారు. ఒకామె డాక్టరు, ఇంకొకామె కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. వాళ్ళ సంగతే చెప్తాను.

అవి నా బదిలీల రోజులు. మాది యానాం. యానాం ఉద్యోగికి పాండిచ్చేరి బదిలీ అంటే, కాగితం మీద ఒకే ప్రభుత్వం, నేల మీద మాత్రం ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం. రెండేళ్ళే కదా అని పంపించారు. రెండేళ్ళు అనే మాటకి మా శాఖలో ఏ అర్థమూ లేదని తర్వాత తెలిసింది. అక్కడ ఉప్పళం అనే పేటలో ఒక మేడమీద రెండు గదులు తీసుకున్నాను. ఆసుపత్రికి నడిచి వెళ్ళేదాన్ని. అరవం రాదని భయపడుతుంటే, తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారులే అని ధైర్యం చెప్పారు. ఉన్నమాట నిజమే. తరాల కిందటే వచ్చి స్థిరపడ్డవాళ్ళు, మిల్లుల్లోనూ రేవులోనూ పనిచేసిన కుటుంబాలు. అయితే వాళ్ళ తెలుగు నాకు సగం అర్థమయ్యేది, నా తెలుగు వాళ్ళకి సగం. మాటలు వినిపించి తిరిగి చెప్పించే పరీక్ష ఒకటి ఉంటుంది. దానికి యానాంలో వాడిన మాటల పట్టీ తీసుకెళ్ళాను. "పనస" అని నేనంటే, "పలా" అని చెప్పాడు మొదటి రోజు వచ్చిన పెద్దాయన. వినపడక తప్పు చెప్పాడనుకుని కొట్టేశాను. ఆయనకి చక్కగా వినపడిందనీ, వాళ్ళింట్లో పనసపండుని అలాగే అంటారనీ ఆయా వచ్చి చెప్పింది.

ఆ ఆసుపత్రి పేరు చెప్పను. అక్కడ మత్తు ఇచ్చే డాక్టరు ఒకామె ఉండేది. అందరం మత్తు డాక్టరమ్మ అనేవాళ్ళం. ముప్పై దాటిందో లేదో అన్నట్టుండే సన్నటి మనిషి. నడక కాదు, పరుగే. మాట్లాడేది అరవంలోనే, నేను తెలుగులో రాస్తున్నాను. ఆమె కాన్పుల వార్డులో ఒక కొత్త పని మొదలుపెట్టింది. నడుము దగ్గర వెన్నులోకి సూది వేసి, సన్నటి గొట్టం అమర్చి, కొద్దికొద్దిగా మందు ఎక్కిస్తుంటే నొప్పులు తెలియకుండా కాన్పు అవుతుంది. అప్పటికి అది పెద్ద నర్సింగ్‌హోముల్లో, స్తోమత ఉన్నవాళ్ళకి మాత్రమే దొరికేది. ధర్మాసుపత్రికి వచ్చే ఆడవాళ్ళకి కూడా ఇవ్వాలని ఆమె పట్టుబట్టింది. ఉన్న పనికే మనుషులు చాలడం లేదని పైవాళ్ళు విసుక్కున్నారు. "మన అమ్మలంతా నొప్పులు పడే కనలేదా?" అని ఒక మీటింగులో పెద్ద డాక్టరు ఒకాయన అన్నాడట. "మన తాతలు పళ్ళు కూడా మత్తు లేకుండానే పీకించుకున్నారు సార్. మీరు మొన్న పీకించుకున్నప్పుడు మత్తు ఎందుకు అడిగారు?" అందట ఈమె. ఆ తర్వాత అనుమతి వచ్చింది. ఇష్టపడి ఇచ్చారో, పడలేక ఇచ్చారో తెలియదు. తన సెలవులు కూడా మానుకుని ఆ వార్డులో ఉండేది. నొప్పులతో అరుస్తూ వచ్చిన మనిషి కాసేపటికి పక్కమంచం ఆమెతో కబుర్లు చెప్పడం నేను కళ్ళారా చూశాను.

అలాంటి రోజుల్లో ముత్తియాల్‌పేట నుంచి ఒక అమ్మాయి నా గదికి వచ్చింది. కూడా అత్తగారు, భర్త, చంకలో అప్పుడప్పుడే పాకడం నేర్చిన ఆడపిల్ల. ఆ అమ్మాయి నాన్న కుట్టుమిషన్లు బాగుచేసే అంగడి నడిపేవాడట. కొడుకులు లేరు. చిన్నప్పటి నుంచీ పక్కన కూర్చుని పని నేర్చుకుంది. ఆయన పోయాక అంగడి తనే చూసుకుంటోంది. చేతివేళ్ళ సందుల్లో నూనె నలుపు అలాగే ఉంది.

నేను అడగక ముందే అత్తగారు మొదలుపెట్టింది.

"బాలింతప్పుడు చెవుల్లో దూది పెట్టుకోమ్మే అని తల పగలగొట్టుకున్నా. ఉక్కపోస్తా ఉండాదని తీసి పారేసింది. గాలి దూరిపొయ్యింది. ఇప్పుడు చూడు, పిలిస్తే పలకదు."

భర్త మిల్లు కార్మికుడు. భారీ మనిషి, గొంతు అంతకన్నా బరువు. "నేను పిలిస్తేనే పలకదు మేడం. బిడ్డ రవంత ఏడిస్తే యాడున్నా పరిగెత్తతాది. కావాల్సింది వినపడతాది, నా మాట వినపడదు" అన్నాడు. కోపం కన్నా ఉడుకుమోత్తనమే ఎక్కువ ఉంది ఆ మాటలో.

ఆ అమ్మాయి ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లిగా చెప్పింది. "అక్కా, చెవిలో మిషన్ ఆడతా ఉండాది. కాలు తీసినా ఆగదు. అంగట్లో నిజం మిషన్ ఆడితే మాత్రం దాని అడుగు చప్పుడు తెలియడంలే. సూది తగిలే టకటక వినపడతాది, లోపల చక్రం తిరిగే గుర్రుమనేది పొయ్యింది. అది వినపడకపోతే జబ్బు యాడుందో ఎట్ట కనుక్కునేది? రెండు మిషన్లు తప్పుగా విప్పేసినా."

కాస్త ఆగి, ఇంకా మెల్లిగా అంది. "ఇంకోటి చెప్తే నవ్వుతారు. పండుకుంటే వినపడతాది. బిడ్డకి పాలిస్తా పండుకోనుంటే ఈయన మాట బాగా వినపడతాది. లేచి నిలబడితే పోతాది."

భర్త చెయ్యి విదిలించాడు. "చూసినారా? పండుకుంటే వినపడతాదంట. పని చెప్పేటప్పుడు నిలబడి ఉంటాది గదా!"

పరీక్ష చేశాను. రెండు చెవుల్లోనూ సన్నటి కూతలు బాగానే వినపడుతున్నాయి. లావు కూతల దగ్గరికి వచ్చేసరికి వేలు లేవడం లేదు. పసిపిల్ల ఏడుపు సన్నది, మగవాడి గొంతు లావుది. ఆ అమ్మాయి చెప్పిందీ, యంత్రం చెప్పిందీ ఒకటే. భర్తకి ఆ సంగతి వివరించాను. నమ్మినట్టూ నమ్మనట్టూ తలూపాడు.

ఏ కూత ఎంతవరకు వినపడిందో గీత గీసిన కాగితం తీసుకుని మా చెవి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. రోజుకి ఎన్ని కాఫీలు తాగేవారో ఆయనకే తెలియదు. గీత చూసి, మామూలు జబ్బుల పేర్లు రెండు మూడు చెప్పారు. పడుకుంటే వినపడుతుందంటోందండీ అన్నాను నవ్వుతూనే. ఆయన నవ్వలేదు. కప్పు కింద పెట్టారు.

"కాన్పులో నడుముకి సూది వేశారా? అడిగి రా."

అడిగాను. వేశారు. నొప్పులు తెలియకుండా బిడ్డ పుట్టిందని సంబరంగా చెప్పింది. "తర్వాత వారం పదిరోజులు తలనొప్పి. కూచుంటే తల పగిలిపొయ్యేది, పండుకుంటే పొయ్యేది. డాక్టరమ్మ రోజూ వచ్చి చూసింది. తలనొప్పి తగ్గిపొయ్యింది. చెవులు అప్పటి నుంచే ఇట్ట. బాలింత నీరసం, అదే పోతాదిలే అన్నారు అందరూ."

"మంచం తీసుకెళ్ళి నీ గదిలో వేయించు" అన్నారు డాక్టరుగారు. "గంటసేపు పడుకోనివ్వు. అలాగే పడుకోబెట్టి మళ్ళీ పరీక్ష చెయ్యి."

మా గదిలో మంచం పట్టేంత చోటు లేదు. కుర్చీ, బల్ల బయట పెట్టి, ఆయా, నేను, ఆ అమ్మాయి భర్త కలిసి మంచాన్ని ఏటవాలుగా లోపలికి దూర్చాం. ఆ అమ్మాయి దిండు లేకుండా పడుకుంది. బిడ్డని అత్తగారు వరండాలో ఆడించింది. తర్వాత హెడ్‌ఫోన్ తగిలించి అవే లావు కూతలు పంపించాను. వేలు లేచింది. ఇంకా తగ్గించాను. లేచింది. కొత్త కాగితం మీద గీత పాతదానికన్నా చాలా పైన పడింది. లేపి కూర్చోబెట్టి మళ్ళీ చేస్తే, కాసేపటికి గీత మళ్ళీ పాతచోటికి జారింది.

ఇన్నాళ్ళూ భర్త దొంగ చెవుడు అనుకున్నది నిజం చెవుడే.

భర్త గది గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. మంచం మీద కూర్చున్న భార్య కాళ్ళ దగ్గరికి చెప్పులు జరిపాడు.

మధ్యాహ్నం చెవి డాక్టరుగారు మత్తు డాక్టరమ్మని పిలిపించారు. నేను కాగితాలు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను. కాగితం మీద పేరు చూడగానే ఆమె గుర్తుపట్టింది. "ఈమెకి సూది వేసింది నేనే. వెన్ను చుట్టూ ఉండే పొరకి సూది తగిలి నీరు వచ్చింది. అప్పుడే ఆమెకి చెప్పాను, తలనొప్పి వస్తుందని. తలనొప్పి గురించే చెప్పాను. చెవుల గురించి చెప్పలేదు. అడగలేదు కూడా" అంది.

అది ఎంత మంచి చేతికైనా అప్పుడప్పుడు జరిగేదే. మెదడు చుట్టూ, వెన్ను చుట్టూ ఒకే నీరు ఉంటుంది. చెవి లోపలి నీటికీ దానికీ సన్నటి దారి ఉంది. వెన్ను దగ్గర పొరకి చిల్లు పడి నీరు కారుతుంటే, చెవి లోపల ఒత్తిడి తగ్గిపోతుంది. పడుకుంటే కాస్త సర్దుకుంటుంది, లేస్తే దిగిపోతుంది. చాలామందికి చిల్లు దానంతటదే పూడిపోతుంది. ఈ అమ్మాయికి పూర్తిగా పూడలేదు.

చెవి డాక్టరుగారు తలుపు దగ్గరగా వేసి రమ్మన్నారు నన్ను. తర్వాత ఆమెతో చాలా నెమ్మదిగా మాట్లాడారు. "చూడమ్మా, నువ్వు ఆ వార్డులో చేస్తున్న పని నాకిష్టం. దాన్ని ఎప్పుడు మూయిద్దామా అని చూస్తున్నవాళ్ళు ఇక్కడే ఉన్నారు. సూది వల్ల చెవులు పోయాయని ఒక్క మాట బయటికొస్తే చాలు, రేపటి నుంచి ఒక్క మనిషి కూడా నీ దగ్గరికి రాదు. నెలలు గడిచిపోయాయి. వైరస్ వల్ల కావచ్చు అని రాస్తాను. అందులో అబద్ధం ఏముంది? కావచ్చు అనే కదా రాసేది."

ఆయన చెడ్డ మనిషి కాదు. ఆమె మంచి కోరే అన్నారు, ఆమె వల్ల నొప్పి తప్పించుకోబోయే ఆడవాళ్ళందరి మంచీ కోరి అన్నారు. ఆ సమయంలో నాకూ అదే సబబు అనిపించింది.

డాక్టరమ్మ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఆమె పడుకున్నప్పుడు ఆ వైరస్ ఎక్కడికి వెళ్ళింది సార్?" అంది.

ఆయన చల్లారిన కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నారు.

"వైరస్ అని రాస్తే వైరస్ మందు ఇస్తారు. చిల్లు అని రాస్తేనే కదా చిల్లు పూడుస్తాం" అని లేచింది. "వాళ్ళు వెళ్ళిపోయారా?"

వెళ్ళలేదు. వరండాలో బల్ల మీద కూర్చున్నారు. డాక్టరమ్మ వెళ్ళి వాళ్ళ ఎదురుగా, నేల మీద పాకుతున్న పిల్ల పక్కన, గొంతుక్కూర్చుంది. నన్ను సాయం రమ్మని సైగ చేసింది, అరవంలో వాళ్ళకి తెలియని మాట ఏదైనా వస్తే తెలుగులో చెప్పడానికి. అవసరం రాలేదు. నాకంటే వాళ్ళకే అరవం బాగా వచ్చు.

జరిగింది జరిగినట్టు చెప్పింది. సూది తగలకూడని చోట తగిలిందనీ, ఆ సూది వేసింది తనేననీ, చెవులు పోయింది అందువల్లేననీ, గాలి వల్ల కాదు, దూది తీసేసినందువల్ల కాదనీ చెప్పింది. చివరి మాట అత్తగారి వైపు తిరిగి చెప్పింది.

భర్త లేచి నిలబడ్డాడు. ఏదో ఒకటి అంటాడు, అరుస్తాడు అనుకున్నాను. వరండాలో వెళ్తున్నవాళ్ళు కూడా ఆగారు. "అంటే ఇన్నాళ్ళూ నేను దీన్ని తిట్టిందంతా..." అని ఆగిపోయాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ అమ్మాయి మాత్రం ఒకే ప్రశ్న అడిగింది. "మళ్ళా వస్తాదా?"

"తెలీదు. మొత్తం రావచ్చు, కొంత రావచ్చు, అసలు రాకపోవచ్చు. నీ చేతిలోంచి నీ నెత్తురే కొంచెం తీసి, వీపులో ఆ చిల్లు ఉన్నచోట వేస్తాను. అది గడ్డకట్టి మూతలా పూడుస్తుంది. కాన్పైన కొద్దిరోజుల్లో వేస్తే బాగా పనిచేస్తుంది. ఇంత ఆలస్యంగా వేస్తే ఎంత పనిచేస్తుందో నేను మాట ఇవ్వలేను."

"మళ్ళా సూదేనా?" అంది అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకుని.

"సూదేనమ్మా. అది కూడా ఇంకొకరితో వేయించమంటే వేయిస్తాను."

ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి ఆలోచించుకుంటానంది. రెండు రోజుల తర్వాత వచ్చి ఒప్పుకుంది. ఎవరు వేస్తారని అడగలేదు. డాక్టరమ్మే వేసింది, పక్కన తనకంటే పెద్దాయన్ని ఒకర్ని నిలబెట్టుకుని. ఆ పూటంతా కదలకుండా పడుకోబెట్టారు. సాయంత్రం నేను డ్యూటీ దిగి వార్డుకి వెళ్ళేసరికి లేపి కూర్చోబెడుతున్నారు. ఆ అమ్మాయి మంచం పట్టె పట్టుకుని నెమ్మదిగా లేచి నిలబడింది. అందరం ముఖంలోకే చూస్తున్నాం. తల పైకెత్తి చూసింది.

"ఈ ఫ్యాను ఇట్ట గుర్రుగుర్రుమంటా ఉంటే ఎట్ట పనిచేస్తారక్కా మీరు? బేరింగ్ పొయ్యింది దానికి."

నర్సులు పకపకా నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడింది.

అంతా బాగైపోయిందని చెప్పి ముగిస్తే కథ బాగుంటుంది. అలా జరగలేదు. కుడిచెవి దాదాపు మామూలుకి వచ్చింది. ఎడమచెవి సగమే వచ్చింది. లావు చప్పుళ్ళు ఆ చెవికి ఇప్పటికీ దూరమే. చెవిలో ఆడే మిషన్ నెమ్మదించింది కానీ ఆగలేదు. ఏడాదికోసారి పరీక్షకి వచ్చేది. ఎడమచెవి గీత ఎప్పుడు చూసినా అదే చోట ఉండేది. ఒక్కోసారి నాకే బాధేసి, ఈసారి కాస్త నయంగా ఉందమ్మా అనబోయేదాన్ని. నా ముఖం చూసి కనిపెట్టేసేది. "ఉన్నది చెప్పక్కా. సగం చెవితో ఎట్ట బతకాలో నాకు వచ్చేసింది" అనేది.

నిజంగానే వచ్చేసింది. ఒకసారి ముత్తియాల్‌పేటలో వాళ్ళ అంగడికి వెళ్ళాను. మిషన్ తిప్పుతూ ఎడమ అరచెయ్యి దాని ఒంటిమీద ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. జ్వరం చూసినట్టు. చెవికి అందని అదురు చేతికి అందుతుందట. పనికి వచ్చే ఇద్దరు ఆడపిల్లలకి కూడా అలాగే నేర్పుతోంది. ఇంట్లో అన్నం తినేటప్పుడు అత్తగారిని ఎడమపక్కనే కూర్చోబెట్టుకుంటానని నా చెవిలో రహస్యంగా చెప్పింది. భర్త మాత్రం ఎప్పుడూ కుడిపక్కనే నడిచేవాడు. రోడ్డు దాటేటప్పుడు కూడా చుట్టూ తిరిగొచ్చి కుడివైపుకి మారేవాడు. ఆ మనిషిని చూస్తే నాకు ముచ్చటేసేది.

ఇక డాక్టరమ్మ. నెలవారీ మీటింగులో తనే లేచి మొత్తం చెప్పింది. చెవి డాక్టరుగారు భయపడ్డట్టే అయింది. నొప్పి తెలియని కాన్పులు ఆపేయమన్నారు. వార్డులో మళ్ళీ అరుపులు మొదలయ్యాయి. ఆ నెలల్లో ఆమె కాన్పుల వార్డు ముందు నుంచి నడవాల్సి వస్తే, చుట్టు తిరిగి వెళ్ళడం చూశాను. అయినా ఊరుకోలేదు. నా గదికి వచ్చి కూర్చుని, లావు కూత అంటే ఏంటి, ఏ గీత ఎలా చదవాలి అని అడిగి అడిగి నేర్చుకుంది. అంతకుముందు సూది తగిలి నీరు వచ్చినవాళ్ళు ఎవరెవరో జ్ఞాపకం చేసుకుని, ఒక్కొక్కరినీ కబురుపెట్టి పిలిపించింది. చాలామంది చెవులు శుభ్రంగా ఉన్నాయి. కొద్దిమందికి చెవుల్లో ఇబ్బంది కొంచెం మిగిలిపోయింది. వాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఒకామెకి చెవిలో హోరు, చుట్టుపక్కలవాళ్ళు దిష్టి అన్నారట. ఇంకొకామె టీవీ సౌండు పెంచుతుందని ఇంట్లో గొడవలట. మనకి ఎవరైనా చెప్పి ఉంటే అప్పుడే చూసేవాళ్ళం కదా అని నేనంటే, "అడిగింది ఎవరు? బిడ్డ ఎట్లుంది, పాలు పడుతున్నాయా అనే కదా మనం అడిగేది" అంది డాక్టరమ్మ.

నొప్పి తెలియని కాన్పులు మళ్ళీ మొదలుపెట్టడానికి పైవాళ్ళు చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. సూది వేసిన ప్రతి తల్లినీ ఇంటికి పంపే ముందు తలనొప్పి గురించీ, చెవుల గురించీ అడగాలి. అనుమానం వస్తే నా గదికి పంపాలి. ఆ షరతు పెట్టుకున్నది ఆమే. పని రెట్టింపైంది. నాకు రెండేళ్ళని చెప్పిన బదిలీ పొడిగిస్తూ పోయారు. యానాం వెళ్ళిపోతానని నేనూ గట్టిగా అడగలేదు.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక పగలు, భోజనం డబ్బా విప్పుతుంటే కాన్పుల వార్డు నుంచి నాకు పిలుపు వచ్చింది. చెవుల మనిషికి కాన్పుల వార్డులో ఏం పని అనుకుంటూ పరుగెత్తాను. ముత్తియాల్‌పేట అమ్మాయి. రెండో కాన్పు. నొప్పులు బలంగా వస్తున్నాయి. చెమటతో తడిసిపోయి ఉంది. మంచం ఈ పక్క డాక్టరమ్మ, ఆ పక్క ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్ర డాక్టరు.

"కొంచెం మీరైనా చెప్పండి" అంది డాక్టరమ్మ నాతో. "సూది కావాలంటోంది. ఇతను వేస్తాడు. నాకంటే బాగా వేస్తాడు. నేనే వెయ్యాలని పట్టుబడుతోంది."

కుడివైపుకి వెళ్ళి వంగి చెప్పాను. "అమ్మా, ఆయన చెయ్యి చాలా మంచిదే. డాక్టరమ్మకి పాత సంగతి మనసులో ఉంది. బలవంతం చెయ్యకు."

నొప్పి ఒకటి వచ్చి పోయేదాకా ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని పళ్ళు బిగించింది. తర్వాత డాక్టరమ్మని చూస్తూ అంది.

"సూది ఎవురి చేతిలోనైనా జారతాది డాక్టరమ్మా. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఎన్నిసార్లు జారిందో. తప్పు జరిగిందని నా ముందర కూచోని చెప్పింది మీరొక్కరే. ఇంకొకరి చేతిలో జరిగితే నాకెవరు చెప్తారు?"

కుర్ర డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని, "ఈసారి ఏదైనా జరిగితే ఆ నిమిషంలోనే చెప్తాను. చెవుల సంగతి కూడా" అంది.

"అది చాలు" అంది ఆ అమ్మాయి. చెవులకున్న కమ్మలు సర్దుకుని, కాళ్ళు కిందికి వేసి, డాక్టరమ్మకి వీపు తిప్పి కూర్చుంది.

నేను ఎదురుగా నిలబడి ఆమె భుజాలు పట్టుకున్నాను. డాక్టరమ్మ చేసే ప్రతి పనీ ముందు పైకి చెప్పి, తర్వాత చేసింది. ఇప్పుడు చల్లగా తగులుతుంది, ఇప్పుడు చీమ కుట్టినట్టుంటుంది, ఇప్పుడు కదలొద్దు. కదలొద్దు అన్నాక చాలాసేపు మాటే రాలేదు. నా కళ్ళు ఆ అమ్మాయి నెత్తి మీదుగా డాక్టరమ్మ ముఖం మీదే ఉన్నాయి. మాస్కు పైన కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ కళ్ళు రెప్ప వెయ్యలేదు.

"చేరింది" అంది చివరికి. "నీరు రాలేదు. గొట్టం అమర్చాను."

"చెప్పినా గదా" అంది ఆ అమ్మాయి, ఏదో మిషన్ బాగుచేసి ఇచ్చినంత మామూలుగా.

సాయంత్రం అయ్యేలోపు మగబిడ్డ పుట్టాడు.

మర్నాడు ఆ అమ్మాయిని నా గదికి నడిపించుకొచ్చి పరీక్ష చేశాను. కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి. కుడిచెవి ఎప్పటిలాగే. ఎడమచెవి సగమే, ఎప్పటిలాగే. కొత్తగా పోయిందేమీ లేదు. ఆ మాట చెబుదామని మధ్యాహ్నం వార్డుకి వెళ్ళాను. నాకంటే ముందే డాక్టరమ్మ వచ్చి ఉంది. పరీక్ష అయిపోయిందని కూడా తెలియదేమో, గుమ్మంలోంచే అడుగుతోంది. ఆత్రం కొద్దీ గొంతు బాగా పెంచింది. వార్డంతా తిరిగి చూసింది.

"చెవులు ఎలా ఉన్నాయి? మీ ఆయన గొంతు వినపడుతోందా? తలనొప్పి ఏమైనా ఉందా?"

ఆ అమ్మాయి ఒళ్ళో బిడ్డని సర్దుకుంటూ నోటిమీద వేలు పెట్టుకుంది.

"మెల్లిగా మాట్లాడండి డాక్టరమ్మా. ఇప్పుడే నిద్రపొయ్యినాడు."